మేకు కూడా కొట్టనివ్వరన్న మాట

పాత ఇంటికి వారసత్వ కట్టడమన్న పేరు పడితే ఆ ఇల్లు యజమాని చెయ్యి జారిపోయినట్టేనని మన నగరాల్లో గట్టి నమ్మకం ఉంది. గోడకు మేకు కొట్టనివ్వరు, కిటికీ మార్చనివ్వరు, వెనకాల ఒక గది వేసుకోనివ్వరు, అమ్ముదామంటే కొనేవాడు రాడు. కాబట్టి జాబితా వాళ్ల కన్ను పడకముందే పడగొట్టుకోవడం తెలివైన పని అంటారు. హైదరాబాద్ పాతబస్తీలో నవాబుల నాటి పెద్ద ఇళ్లయిన దేవిడీల వారసులూ, సికింద్రాబాద్ బంగళాల యజమానులూ, వాళ్ల చుట్టూ తిరిగే బిల్డర్లూ ఈ మాట ఒకే తీరుగా చెబుతారు. పరిరక్షణ కోరేవాళ్లంతా ఒక జట్టు, ఇంట్లో ఉండేవాళ్లంతా ఇంకో జట్టు అన్నట్టు చర్చలు నడుస్తాయి.

ఈ నమ్మకం తప్పు. ఉత్త పొరపాటు అభిప్రాయమే అయితే ఇంత రాయనక్కర్లేదు. దీన్ని నమ్మడం వల్ల ఇళ్లు కూలుతున్నాయి, దీన్ని అడ్డు పెట్టుకుని కూలుస్తున్నారు. అందుకే ఖండించాల్సి వస్తోంది.

ముందు రాసి ఉన్నది చూద్దాం. హైదరాబాద్‌లో ఈ వ్యవహారం 1995లో మొదలైంది. నగరాభివృద్ధి సంస్థ హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేరింది, వందకు పైగా కట్టడాలు జాబితాకెక్కాయి. బొంబాయితో పాటు ఈ పని చేసిన తొలి నగరాల్లో మనది ఒకటి. జాబితాలోని కట్టడాలన్నిటినీ ఒకే గాటన కట్టలేదు, శ్రేణులుగా విడదీశారు. ఏ శ్రేణిలో ఎంత మార్పుకు వీలుందో 2016లో కేంద్రం విడుదల చేసిన నమూనా భవన నియమావళి విడమరిచి చెబుతుంది. మొదటి శ్రేణి కట్టడాల్లో లోపలా బయటా చెయ్యి పెట్టకూడదు, కట్టడం ఆయుష్షు పెంచే పని అయితే తప్ప. రెండో శ్రేణిలో లోపలి మార్పులకూ, కొత్త అవసరానికి వాడుకోవడానికీ సాధారణంగా వీలుంది. అందులోనే ‘బి’ తరగతి వాటికి, అదే స్థలంలో పాతదానికి పొసగేలా అదనంగా కట్టుకోవడానికి కూడా అవకాశం ఉంది. మూడో శ్రేణిలో లోపలా బయటా మార్పులు చేసుకోవచ్చు. మనుషులు కాపురముండే ఇళ్లలో ఎక్కువ భాగం రెండు, మూడు శ్రేణుల్లో చేరే రకమే. చార్మినార్‌కు వర్తించే కట్టడిని ఎదురు వీధిలోని మిద్దెకు అంటగట్టి భయపెట్టేవాళ్లు ఈ నియమావళిని ఒక్కసారి చదివి ఉంటే ఆ మాట అనలేరు.

రంగు వేయడానికి కూడా అనుమతి కావాలన్నారు కదా అని అడుగుతారు. నిజమే. 13వ నిబంధన మరమ్మతుకూ, రంగుకూ సైతం ముందస్తు అనుమతి అడిగింది. అడగమనడం వేరు, వద్దనడం వేరు. మామూలు ఇంటి మీద అంతస్తు వేయాలన్నా మున్సిపాలిటీ అనుమతి కావాలి. అంతమాత్రాన మున్సిపాలిటీ అంతస్తులను నిషేధించిందని ఎవరూ అనరు. వారసత్వ గృహం విషయానికి వచ్చేసరికి మాత్రం దరఖాస్తు పెట్టాలి అన్న ఒక్క మాట విని, పెట్టకముందే నిషేధం అని ప్రకటించేసుకున్నాం.

ఈ నమ్మకానికి ఒక పరీక్ష కూడా జరిగిపోయింది. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ 13వ నిబంధనను ఎత్తేసింది. వారసత్వ పరిరక్షణకు కొత్త చట్టం 2017లో వచ్చింది. యజమానుల చేతులు కట్టేసింది నిబంధనే అయితే, అది పోయాక వాళ్లు ఊపిరి పీల్చుకుని పాత ఇళ్లను తీర్చిదిద్దుకుని ఉండాలి. కదలకుండా కూర్చున్న డబ్బు బయటికి వచ్చి ఉండాలి. వచ్చిందా? నిబంధన పోయిన నాలుగేళ్లలోపే, నవాబు ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించుకున్న ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చి అసెంబ్లీ కడతామని స్వయంగా ప్రభుత్వమే నిర్ణయించింది. దాన్ని ఆపడానికి పౌరులు, వారితో పాటు ఆ నవాబు వంశీకులూ కోర్టు తలుపు తట్టారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఎర్రమంజిల్ ఎప్పుడో కుటుంబం చేతుల్లోంచి పోయింది, దశాబ్దాలుగా ప్రభుత్వ కార్యాలయాలు అందులో నడిచాయి. నివాసం ఆఫీసు అయినంత మార్పు జరిగినా కట్టడం నిలబడే ఉంది. దానికి ముప్పు వచ్చింది వాడుక మారినందుకు కాదు, స్థలం ఖరీదు చూసినందుకు.

పాత ఇంటిని చంపేది అనుమతి దొరకని మార్పు అనుకుంటున్నాం. వాస్తవంలో చంపేది ఎవరినీ అడగకుండా చేసే మార్పు. అందులో మొదటి ముద్దాయి సిమెంటు.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటి యజమానికి దీన్ని చెప్పేవాళ్లే లేరు. వందేళ్ల కిందటి గోడలు రాయితోనో ఇటుకతోనో లావుగా కట్టి, గానుగ సున్నంతో పూసినవి. సున్నం, ఇసుక గానుగలో వేసి ఎద్దులతో తిప్పించి మెత్తగా రుబ్బేవాళ్లు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవాళ్లు. ఆ గోడల అడుగున ఇప్పటి ఇళ్లలోలాగా చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి ఆవిరై బయటికి పోతుంది. గోడ తడిసి ఆరుతూ శతాబ్దం గడుపుతుంది. ఒకరోజు పెచ్చులూడాయని మేస్త్రీని పిలుస్తాం. ఆయన సున్నం చెక్కేసి సిమెంటు పూస్తాడు. రెండేళ్లు నున్నగా, గట్టిగా కనబడుతుంది. కానీ తడికి దారి మూసుకుపోయింది. అది గోడలోనే ఇంకా పైకి ఎక్కుతుంది. దాంతో వచ్చిన లవణాలు ఇటుకలోనే గడ్డకట్టి దాన్ని పిండి చేస్తాయి. గోడలో దూర్చిన టేకు దూలాల కొసలు ఆ చెమ్మలో నాని కుళ్లుతాయి. ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులు కట్టిన పైకప్పు అయితే గర్డర్ తుప్పుపట్టి ఉబ్బి కమానును చీలుస్తుంది. ఆ తర్వాత కప్పు కారుతోందని దాని మీద కాంక్రీటు పొర పోస్తారు, పైన నీళ్ల ట్యాంకు పెడతారు. పాత గోడకు మోయలేని బరువు అది. ఇంకో పదేళ్లకు ఇంజనీరు వచ్చి, ఇల్లు శిథిలమైంది, ఖాళీ చేయండి అంటాడు. ఏటా వానాకాలం ముందు మున్సిపాలిటీ శిథిల భవనాలకు అతికించే నోటీసుల వెనక ఇలాంటి చరిత్ర ఎన్నిసార్లు ఉంటుందో ఇళ్ల లోపలికి వెళ్లి చూసినవాళ్లకు తెలుసు.

ఇందులో ఒక్క పని కూడా వారసత్వ కట్టడాల అనుమతులు చూసే కమిటీ ఆపినందువల్ల జరగలేదు. ఆపే మనిషి, చెప్పే మనిషి లేనందువల్ల జరిగింది. నియమం ఉన్నచోట దాన్ని సరిగా నడిపి ఉంటే, ఆ యజమాని దరఖాస్తు పట్టుకుని వెళ్లినప్పుడు ఎవరో ఒకరు సున్నం పని తెలిసిన మేస్త్రీ పేరు చెప్పి ఉండేవాళ్లు. రక్షణలో యజమానికి దక్కాల్సిన మేలు అది. మనం దాన్ని నిషేధంగా మాత్రమే ఊహించుకుని, ఆ మేలు కావాలని అడగడమే మానేశాం.

ఇక సౌకర్యాల సంగతి. మా అమ్మ మెట్లెక్కలేదు, పిల్లలకు ఏసీ కావాలి, స్నానాలగది పెరట్లో ఉంటే రాత్రిపూట ఎలా అంటారు. ఇవి న్యాయమైన అవసరాలు. పాత ఇంట్లో ఉండాలంటే పాతకాలపు బాధలన్నీ పడాలని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకండి. మండువా లోగిలి ఉదాహరణ తీసుకుంటాను. గోదావరి జిల్లాల్లోని ఇలాంటి ఇళ్లలో చాలావాటికి చట్టపు రక్షణ ఏమీ లేదు, అయినా జాబితా భయం అక్కడిదాకా పాకింది. నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, టేకు స్తంభాలు, పైన పెంకులు. ఈ ఇంట్లో ప్రాణం మండువాలోనూ, చెక్క పనిలోనూ, గాలి తిరిగే తీరులోనూ ఉంది. స్నానాలగదులు వెనక గోడకు ఆనించి ఒక వరుసలో కట్టి, పైపులన్నీ ఆ ఒక్క గోడ వెంటే నడిపిస్తే ముందు భాగంలో ఒక్క స్తంభాన్నీ తాకనక్కర్లేదు. కరెంటు తీగలకు గోడలు చెక్కకుండా బయటే గొట్టాల్లో నడపొచ్చు. ఏసీ బయటి పెట్టెలు పెరటివైపు వెళ్తాయి. వంటగదికి కొత్త గట్టు, పొగ పోయే మార్గం ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు. లిఫ్టు కావాలంటే ఇంటికి ఆనకుండా పక్కన విడిగా నిలిపే పద్ధతి ఉంది. ఇవన్నీ మార్పులే. వీటిలో ఏదీ ఇంటిని చెరపదు, పైగా రేపు తీసేయాలన్నా తీసేయవచ్చు. మండువా మీద కాంక్రీటు కప్పు వేసి హాలు చేసేస్తే మాత్రం ఇల్లు పోయినట్టే. ఆ రోజు నుంచి లోపలికి వెలుతురు రాదు, వేడి బయటికి పోదు, చివరికి ఉండలేక అమ్ముకుంటారు. అప్పుడు స్తంభాలూ, చెక్కిన ద్వారబంధాలూ విప్పి బండికెక్కిస్తారు.

వాడుక మార్చుకోవడం కూడా ఇంటికి ద్రోహం కాదు. నాంపల్లిలో సరోజినీ నాయుడు కుటుంబం ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ 1970లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైన చోటు, ఆ తర్వాత నాటక ప్రదర్శనలకు వేదికైంది. కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు నివాసం 1949లో ఆడపిల్లల కళాశాల అయింది. ఫలక్‌నుమా 2010లో హోటలుగా తలుపులు తెరిచింది. దోమకొండ కోట ఒక కుటుంబం చేతిలోని ఆస్తి, అక్కడ చేసిన పునరుద్ధరణకు 2022లో ఆసియా పసిఫిక్ యునెస్కో పురస్కారం వచ్చింది. వీటిలో ఏ ఒక్కటీ కట్టినవాళ్లు కట్టినట్టే, వాడినట్టే మిగల్లేదు.

అవన్నీ నవాబులవీ, జమీందార్లవీ, విశ్వవిద్యాలయాలవీ, మాది నాలుగు గదుల పెంకుటిల్లు అంటారు. ఈ అభ్యంతరానికి నేను విలువ ఇస్తాను. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి, స్థలం ధర కోట్లలో, ఇంటి నుంచి అద్దె వేలల్లో. ఒక్కరు ఉంచుదామంటే ముగ్గురు అమ్ముదామంటారు. ఊరందరూ ఆ ఇంటి ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు, పెంకులు మార్చే ఖర్చు మాత్రం యజమాని ఒక్కడిదే. ఈ లెక్క అన్యాయం. దీన్ని సరిచేయకుండా యజమానిని సంస్కారం లేనివాడని తిట్టే పరిరక్షణవాదులతో నాకు ఏకీభావం లేదు.

కానీ ఇక్కడ కూడా నిషేధం అన్న కథ నిలబడదు. 2012లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన భవన నిర్మాణ నియమాల్లో, వారసత్వ కట్టడాన్ని కొత్త అవసరానికి వాడుకుంటూ నిలిపే యజమానికి బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కు, అంటే టీడీఆర్, ఇవ్వొచ్చని ఉంది. ఆ స్థలంలో తాను కట్టుకోకుండా వదులుకున్న విస్తీర్ణాన్ని ఇంకోచోట కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఆ నియమం షరతు పెట్టింది చూడండి. ఇంటిని అద్దాల పెట్టెలో దాచినవాడికి కాదు, కొత్త పనికి వాడుకున్నవాడికి ఆ హక్కు. అంటే చట్టం మార్పును సహించడమే కాదు, మార్చుకుని బతికించినవాడికి ప్రతిఫలం కూడా రాసింది. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్ల సంగతికి వచ్చేసరికి టీడీఆర్ పత్రాలు చకచకా కదులుతాయి, బిల్డర్లు వాటిని కొంటారు. పాత ఇంటి యజమానుల్లో ఎంతమందికి ఇలాంటి మాట ఒకటుందని తెలుసు? అహ్మదాబాద్‌లో పోళ్లు అనే పాత వాడల్లోని చెక్క ఇళ్ల యజమానులకు ఈ హక్కు అందేలా కార్పొరేషన్ పద్ధతి పెట్టింది. 2017లో ఆ నగరం దేశంలో తొలి ప్రపంచ వారసత్వ నగరమైంది. అక్కడి వాళ్లు పాత ఇళ్లంటే మనకన్నా ఎక్కువ ప్రేమ ఉన్న మనుషులేం కాదు. వాళ్లకు ఒక కౌంటరు ఉంది, అక్కడ అడిగితే జవాబు వస్తుంది.

నేను కోపగించుకునేది ఇక్కడే. చట్టంలో లేని నిషేధం ఆచరణలో ఎలా తయారవుతుంది? ఆలస్యంతో తయారవుతుంది. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ అనే పద్ధతి వచ్చింది. దాని ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతే అక్కర్లేదు, నమోదు చాలు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. పెద్దవాటికి 21 రోజులు. కొత్త ఇంటి మీద ప్రభుత్వానికి ఇంత నమ్మకం, ఇంత తొందర. పాత ఇంటి యజమాని కారుతున్న కప్పు బాగు చేసుకోవాలంటే ఆ నిశ్చింత లేదు. ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో తెలియదు, ఎన్ని రోజుల్లో జవాబొస్తుందో చెప్పేవాడు లేడు. రెండు వానాకాలాలు గడిచాక ఆయన కూల్చివేతకు పత్రం పెడతాడు, కొత్త కట్టడానికి అనుమతి చక్కగా మూడు వారాల్లో వచ్చేస్తుంది. ఈ ఏర్పాటు ఇలాగే ఉంచి, జనానికి వారసత్వ స్పృహ లేదని ఉపన్యాసాలు ఇవ్వడం అన్యాయం.

ఇంగ్లండ్‌లో జాబితాకెక్కిన ఇంట్లో అనుమతి లేకుండా మార్పు చేయడం క్రిమినల్ నేరం. మనకన్నా చాలా కఠినం. అయినా అక్కడి జాబితాలో దాదాపు నాలుగు లక్షల నమోదులున్నాయి, తొంభై శాతానికి పైగా కింది గ్రేడువే, వాటిలో అసంఖ్యాకంగా మామూలు కుటుంబాలు కాపురమున్న ఇళ్లు. వంటగది మార్చాలన్నా వెనక గది కలపాలన్నా స్థానిక కౌన్సిల్‌కు దరఖాస్తు పెడతారు. దానికి రుసుము లేదు. ఎనిమిది వారాల్లో తేల్చాలన్న గడువు ఉంది. ఆ దేశంలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లు అలాంటి ఇళ్లు కొనుక్కున్నప్పుడు ఈ పద్ధతి పాటిస్తారు. ఇక్కడి తాతగారి ఇంటి విషయంలో మాత్రం వాళ్లే ఫోనులో, జాబితాలోకి ఎక్కితే చిక్కు, ముందే పడగొట్టించెయ్యి బాబాయ్ అంటారు.

చట్టం మొరటుగా ఉన్నచోట కూడా ఒప్పుకోవాలి. 1958 నాటి పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ, కేంద్రం రక్షించే ప్రతి కట్టడం చుట్టూ 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతాన్ని, దాని వెలుపల ఇంకో 200 మీటర్ల నియంత్రిత ప్రాంతాన్ని ఒకే కొలతతో గీసింది. గోల్కొండ కోటలో తరాలుగా జనం కాపురముంటున్నారు. మహానగరం మధ్య చార్మినార్‌కూ, పొలాల మధ్య ఒంటరి కట్టడానికీ అదే కొలత. దీన్ని సరిచేయాలన్న డిమాండు సబబే. అయినా ఆ 100 మీటర్ల లోపల కూడా, 1992 జూన్ 16కి ముందునుంచే ఉన్న ఇంటికి మరమ్మతు, పునరుద్ధరణ చేసుకోవడానికి అనుమతి కోరే దారి చట్టంలో ఉంది. కొత్తగా కట్టడం కుదరదు, ఉన్నది బాగు చేసుకోవచ్చు. గోల్కొండలో ఇల్లు కారుతుంటే బకెట్లు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఈ వాక్యం ఎవరైనా చదివి వినిపించాలి.

అటు ఇంకో పక్షం ఉంది. పాత ఇల్లంటే పాత ఛాయాచిత్రంలో కనబడినట్టే ఉండాలని, వసారాలో ప్లాస్టిక్ కుర్చీ కనిపించినా బాధపడేవాళ్లు. వాళ్ల మాటలు బిల్డరు చేతికి ఆయుధాలవుతున్నాయి. వాళ్లు ఏమీ మార్చకూడదని గట్టిగా అన్న ప్రతిసారీ, చూశారా, నేను చెప్పలేదా అని ఆయన యజమాని వైపు తిరుగుతాడు. దేవిడీలు కట్టినవాళ్లే యూరోపు తరహా ముఖభాగాలు తెచ్చి పాత జనానాల ముందు నిలిపారు, బగ్గీల కోసం కట్టిన చోట మోటారుకార్లు పెట్టారు, నూనె దీపాల చోట కరెంటు తెచ్చారు. ఏ ఏటి రూపాన్ని అసలు రూపం అని గడ్డకట్టించమంటారు?

పాత ఇల్లున్నవాళ్లకు ఒక పని చెబుతాను. మేస్త్రీని పిలవకముందే ప్రతి గదినీ, ప్రతి దూలాన్నీ ఫోటో తీయించండి, కొలతలతో ఒక పటం గీయించండి. ఏం మార్చదలిచారో, ఎందుకో, ఏం తాకరో ఒక కాగితం మీద రాసి, మున్సిపాలిటీలో ఇచ్చి రసీదు తీసుకోండి. టీడీఆర్ మీకు వర్తిస్తుందా అన్న ప్రశ్న అందులోనే అడగండి. కుదరదంటే ఏ నియమం కింద, ఏ గోడ విషయంలో కుదరదో రాతపూర్వకంగా ఇమ్మనండి. మేకు కూడా కొట్టనివ్వరు అని మీకు చెప్పిన మనిషిని కూడా ఆ నియమం సంఖ్య అడగండి.